కానుగచెట్టుకు రెండు వందల అడుగుల అవతల

ఉదయగిరి నుంచి ఆత్మకూరు పోయే బస్సులో కండక్టరుగా నేను ఎక్కువ తిట్లు తిట్టింది ఎవరినంటే, ఇప్పుడు ఒక బస్టాపు మీద బంగారు రంగు అక్షరాల్లో పేరున్నవాణ్ణే. అప్పట్లో ఆత్మకూరులో డిగ్రీ చదివేవాడు. లోపల సీట్లు ఖాళీగా ఉన్నా ఫుట్‌బోర్డు మీదే వేలాడేవాడు. నేను పేరు పెట్టి "లోపలికి రారా" అని అరిస్తే ఒక కాలు లోపల పెట్టేవాడు. నేను ఇటు తిరగగానే ఆ కాలు కూడా బయటికి పోయేది.

ఒక్కోరోజు వాళ్ల ఊరికి ఒక స్టాపు ముందే దిగి బస్సుతో పోటీపడి పరిగెత్తేవాడు. మిలిటరీ సెలెక్షన్‌కి ప్రాక్టీసట. మా బస్సుతో పందెం గెలవడం ఏమంత గొప్ప కాదని మా డ్రైవరే ఒప్పుకున్నాడు.

"ఇట్టా వేలాడతా ఉంటే ఏదో ఒకరోజు పోతావురా" అన్నాను ఒకసారి.

"పోతే నీ బస్సులో పోనులే అన్నా. నీకు రిపోర్టు రాసే పని పెట్టను" అన్నాడు.

మాట నిలబెట్టుకున్నాడు. మిలిటరీలో చేరిన మూడో ఏడు, ఎక్కడో ఉత్తరాన గస్తీ తిరుగుతుండగా మంచు విరిగిపడింది. సోడా బంకులో ఐసుగడ్డ తప్ప మంచు ఎరగని మెట్టప్రాంతం వాడు, మంచు కింద పోయాడు. నాకు చాలా కోపం వచ్చింది. ఎవరి మీదో ఇప్పటికీ తెలియదు.

నా చేత "ఒరే" అనిపించుకున్నవాడు వారం తిరక్కుండా "గారు" అయ్యాడు. ఫ్లెక్సీలో నాయకుల బొమ్మల మధ్య వాడి బొమ్మ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. ఏడాదికి వాడి జ్ఞాపకార్థం బస్టాపు కట్టించారు. ఆ ఊళ్లో బస్సు ఎప్పుడూ ఆగేది కానుగచెట్టు కింద, టీ బంకు దగ్గర. షెల్టరు మాత్రం అక్కడికి రెండు వందల అడుగుల అవతల, మాడిపోయే ఎండలో, ఒక పెద్దమనిషి కొత్తగా వేసిన ప్లాట్ల గేటుకు ఎదురుగా లేచింది. అక్కడే ఎందుకని ఎవరూ అడగలేదు. అడిగితే జవానును అవమానించినట్టవుతుంది. రిబ్బను కత్తిరించడానికి వచ్చినవాళ్లంతా కార్లలో వచ్చి కార్లలో పోయారు గనక బస్సు సంగతి వాళ్లకు తట్టి ఉండదు.

ఆ షెల్టరులో బస్సు కోసం నిలబడే మనిషి ఒక్కతే, వాడి తల్లి. ప్రతి సోమవారం ఆత్మకూరు ఆస్పత్రికి వచ్చేది. ఆమె అక్కడ చెయ్యెత్తేది. మేము దాటిపోయి కానుగచెట్టు దగ్గర ఆపేవాళ్లం. ఆమె చెప్పులు ఈడ్చుకుంటూ పరుగున వచ్చి ఎక్కేది. పైగా విసుక్కునేది నేను.

"ఈడ నిలబడొచ్చు గదమ్మా. నీడగా ఉండాది."

"ఆడ నా బిడ్డ పేరుండాది అబ్బయ్యా. ఒక్క తూరి ఆడ ఆపితే ఏం పోతాది మీకు?"

"మా లిస్టులో ఆ స్టాపు లేదమ్మా."

అబద్ధం కాదు. ఆడవాళ్లకు ఇప్పుడు టికెట్టు ఉచితమే గానీ, దిగే చోటు మిషన్‌లో ఉండి తీరాలి. తిరుగు ప్రయాణంలో "ఏడికమ్మా" అంటే ఆమె కొడుకు పేరు చెప్పేది. నేను ఊరి పేరు కొట్టి ఇచ్చేవాణ్ణి. నా సర్వీసు మొత్తంలో అంత నిష్ఠగా పాటించిన రూలు ఇంకోటి లేదు. మా బావమరిది చెయ్యెత్తితే వంతెన మీద కూడా ఆపించినవాణ్ణి నేను.

ఒక ఎండాకాలం సోమవారం ఆమె తెగిన చెప్పు చేత్తో పట్టుకుని, కాలే రోడ్డు మీద పరిగెత్తి వచ్చింది. ఎక్కి కూర్చుని కడ్డీకి తల ఆనించింది. ఆ రోజు నన్ను ఏమీ అడగలేదు. అడిగి ఉంటే ఎప్పటి జవాబే చెప్పేవాణ్ణేమో. అడగనందుకు సిగ్గేసింది.

సాయంత్రం తిరిగి వస్తుంటే, షెల్టరు దగ్గర ఆపమని డ్రైవరుతో చెప్పాను.

"అది స్టాపు గాదు గదన్నా?"

"ఈ పొద్దు నుంచి స్టాపే."

ఆపాడు. ఇక స్టాపు పేరు అరవాలి. బోర్డు మీద ఉన్నట్టు "అమరవీరుడు" అని మొదలుపెడదామనుకున్నాను. నోరు పాత అలవాటుకు పోయింది. ఫుట్‌బోర్డు వైపు చూస్తూ, ఎప్పుడూ తిట్టే గొంతుతోనే, వాడి పేరు చివర "రా" కూడా తగిలించి అరిచేశాను.

బస్సంతా నా వైపు చూసింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె సంచి తీసుకుని తలుపు దాకా వచ్చి ఆగింది. తప్పయిందమ్మా అని నేను అనబోతుండగా ఆమే మాట్లాడింది.

"అందరూ గారు, గారు అంటా ఉండారు అబ్బయ్యా. ఎవరో పరాయోడి గురించి చెప్తా ఉండే మాదిరి ఉండాది నాకు. వచ్చే సోమారం గూడా అట్టనే పిలువు."

దిగి, ఇంటి వైపు పోకుండా షెల్టరులో కూర్చుంది. నేను "రైట్" అన్నాను. డ్రైవరుకు వినపడలేదు. రెండోసారి అనాల్సి వచ్చింది.