రాయి ఒకటి, అడ్డు కాదు

ఆ రోజుల్లో, అంటే డిప్లొమా కాగితం చేతికొచ్చి దాన్ని ఎక్కడ చూపించాలో ఇంకా తెలియని ఆ రోజుల్లో, కొలతకు లొంగనిది ఈ లోకంలో ఏదీ లేదని నాకొక గట్టి నమ్మకం ఉండేది. జేబులో ఎప్పుడూ మూడు మీటర్ల స్టీలు టేపు ఉండేది. మా మేనత్త కూతురి పెళ్ళిలో బంతికీ బంతికీ మధ్య ఎడం అరవై సెంటీమీటర్లకు తగ్గితే వడ్డించేవాళ్ళ మోకాళ్ళు తినేవాళ్ళ వీపులకు తగులుతాయని లెక్కగట్టి చెప్పి, ముందు నువ్వు అడ్డు లెగమని అత్త చేత అనిపించుకున్నాను. (లెక్క మాత్రం తప్పు కాదు. ఆ రోజు మూడు వీపులకు తగిలాయి.) మనుషులు నా కొలతల ప్రకారం ఎందుకు నడుచుకోరో అర్థంకాక, లోపం మనుషుల్లోనే ఉందని తేల్చుకున్న వయసు అది. ఇప్పుడా కుర్రవాణ్ణి తలుచుకుంటే కోపం రాదు. భుజం మీద చెయ్యి వేసి, టేపు కాసేపు జేబులో పెట్టుకోమని చెప్పాలనిపిస్తుంది.

మా నాన్నకు పార్వతీపురంలో పంపుసెట్లు బాగుచేసే షాపు ఉండేది. కార్తీకమాసం వెళ్ళేలోగా ఉద్యోగం ఖాయమైతే సరేననీ, లేకపోతే మారు మాట్లాడకుండా వచ్చి షాపులో కూర్చోవాలనీ ఆయన గడువు పెట్టాడు. పంపుసెట్ల మీద నాకు ద్వేషం లేదు. కానీ ఆ షాపులో నేను ఇంజినీరును కాను, ఫలానావారి అబ్బాయిని మాత్రమే. ఆ గడువు తలమీద ఉండగానే అరకులో నాకొక ఉద్యోగం దొరికింది. ఇచ్చినాయన ముప్పై ఏళ్ళ కిందట మైదానం నుంచి కొండెక్కి, మిరియాలూ పసుపూ కొని అమ్మే వ్యాపారంలో స్థిరపడినవాడు. అందరూ సావుకారు అనేవారు. అరకు దాటాక కొండవాలున ఒక పాత ఊరుంది. దిగువ ఎండలకు తాళలేని దొరలు వేసవి విడిదిగా వాడుకున్నది. రాళ్ళు పరిచిన వీధి, గుర్రాల సాల, తపాలా గది, పెంకుల బంగళా ఇంకా మిగిలే ఉన్నాయి. సావుకారు ఆ బంగళాను అద్దెకు తీసుకుని లాడ్జి చేశాడు. వచ్చినవాళ్ళకు ఊరు చూపించడానికి, విశాఖపట్నంలో మూతపడిన ఏదో ఆటల కేంద్రం నుంచి ఐదు సెగ్వేలు తెప్పించాడు. వాటిని నడిపించి, బాగుచేసి, ముందుండి ఊరంతా తిప్పి చూపించే పని నాది.

సెగ్వే చూడనివారి కోసం రెండు మాటలు. పక్కపక్కన రెండు చక్రాలు, వాటి మధ్య నిలబడడానికి ఒక పలక, ముందు నడుము ఎత్తున ఒక పిడి. సీటు లేదు, బ్రేకు లేదు, యాక్సిలరేటరు లేదు. మనిషి ముందుకు వంగితే ముందుకు వెళుతుంది, వెనక్కి వాలితే ఆగుతుంది, ఇంకా వాలితే వెనక్కే నడుస్తుంది. నిటారుగా నిలబడితే తానూ నిలబడుతుంది. పిడిని ఏ పక్కకు వంచితే ఆ పక్కకు తిరుగుతుంది. మనిషి ఒంటి వాలును సెకనుకు ఎన్నోసార్లు కొలిచి, దాని ప్రకారం చక్రాలను తిప్పే యంత్రం అది. నన్ను అర్థం చేసుకున్న మొదటి జీవి అదేననిపించింది.

చిక్కల్లా దారి దగ్గర వచ్చింది. బంగళా నుంచి తపాలా గదికి వెళ్ళే బాట, ఊరి చివర మలుపులో, నూనెగింజల కోసం వేసిన ఒక వలిసె చేనును ఆనుకుని పోతుంది. ఆ చేను ఒక ముసలావిడది. ఊరందరికీ ఆమె అవ్వ. ఆమె ఒప్పుకుంటే ఊరు ఒప్పుకున్నట్టే. సావుకారూ నేనూ వెళ్ళి అడిగితే, ఆమె చీపురు పుల్లలు ఏరుకుంటూ తల ఎత్తకుండానే షరతు చెప్పింది.

"సుట్టాల్ని ఎక్కించి ఒక్కపాలి నడిపి సూపించండి. నా సేలో ఒక్క మొక్క కూడా ఇరగకూడదు. ఇరిగితే ఆ బళ్ళు దిగువకి పట్టుకెళ్ళిపోవాల."

బయటికి వచ్చాక సావుకారు నా వైపు తిరిగి, బళ్ళు దిగువకు వెళితే వాటితో పాటు నేనూ వెళతానని మృదువుగానే గుర్తుచేశాడు.

నేను కంగారు పడలేదు. తాపీమేస్త్రీలు వాడే నీళ్ళ గొట్టం తీసుకుని దారి పొడవునా వాలు కొలిచాను. దూరం ఒక కిలోమీటరు మూడువందల ఎనభై మీటర్లు. మలుపులు పదకొండు. ఎక్కడా ఏడు డిగ్రీలకు మించిన వాలు లేదు. గ్రాఫు కాగితం మీద పటం గీసి కరెంటు స్తంభాలు, మురుగు తూములు, ఆవుల్ని కట్టే గుంజలు, చివరికి ఒక ఇంటి ముందు ఎప్పుడూ పడుకుని ఉండే కుక్కను కూడా గుర్తించాను. (కుక్కను పెన్సిలుతో గుర్తించాను. అది కదలవచ్చు కనక.) చేను దగ్గర తొమ్మిదో మలుపులో బాట కుడికి తిరుగుతుంది. ఎడమ పక్కన ఊరి అమ్మవారు. గుడి లేదు, గోడ లేదు, పసుపు రాసి కుంకుమ పెట్టిన నిలువు రాయి. దాని ఎత్తు, బాట అంచు నుంచి దూరం కొలిచి, తగలదని నిర్ధారించుకుని, పటంలో మిగతా వస్తువుల వరసలోనే రాశాను. 'రాయి ఒకటి. ఎత్తు అరవై సెంటీమీటర్లు. అడ్డు కాదు.' కొలిచిన ప్రతిసారీ ముందు చెప్పులు విడిచి, దండం పెట్టుకుని, ఆ తరవాతే టేపు తీశానన్నది కూడా నిజమే. కానీ అది పటంలో రాయవలసిన సంగతని తోచలేదు. యంత్రం మీద ఆ దారిన నాలుగుసార్లు తిరిగి చూసినప్పుడు నా కళ్ళు మీటరు మీద ఉన్నాయి. దండం మనసులోనే అయిపోయింది.

చుట్టాలుగా పార్వతీపురం నుంచి సావుకారు అక్కగారి కుటుంబం వచ్చింది. అక్కగారు, హెడ్మాస్టరుగా రిటైరైన ఆవిడ భర్త, వాళ్ళ కూతురు, అల్లుడు. సావుకారు మాత్రం యంత్రం ఎక్కనని, గొడుగు వేసుకుని వెనక నడుస్తానని చెప్పాడు. బంగళా ముంగిట్లో గంటన్నర సాధన చేయించాను. అందరికన్నా ముందు నేర్చుకున్నది అక్కగారే. కొప్పులోని చామంతి శిరస్త్రాణం కన్నంలోంచి బయటికి పొడుచుకొచ్చి ఉండగా, ఆవిడ ముంగిలి చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసి ఆగింది. కష్టమంతా మాస్టారితోనే. ఆయన ఏ ప్రశ్నకు జవాబు చెప్పాలన్నా మొదట ఛాతీ విరిచి కాస్త వెనక్కి వాలేవారు. ముప్పై ఏళ్ళ అలవాటు. ఆయన వాలగానే యంత్రం వెనక్కి నడిచేది. ఈ ఊరు ఏ దొర కట్టించాడని అల్లుడు మర్యాదకు అడిగిన పాపానికి, ఆయన జవాబు మొదలుపెట్టి, వాక్యం పూర్తయ్యేసరికి మందారచెట్టులో ఉన్నారు.

"ఆయన్నేటీ అడక్కండి బాబూ. దారిలో ఎవురూ ఏటీ అడక్కండి," అంది అక్కగారు.

ఆ సలహాను నా సూచనల పట్టికలో పదిహేనో అంశంగా చేర్చాను.

మంచు విడిచాక బయలుదేరాం. ముందు నేను, నా వెనక అక్కగారు, మాస్టారు, కూతురు, అల్లుడు, ఆ వెనక గొడుగు. గుర్రాల సాల దగ్గర చరిత్ర చెప్పాను, అందరూ నిటారుగా నిలబడి విన్నారు. రాళ్ళ వీధిలో అరుగుల మీద కూర్చున్నవాళ్ళు మమ్మల్ని చూసి, అంత దిట్టమైన మనుషులకు కాళ్ళకేమైందని సావుకారును అడగడం వినిపించింది. ఆయన ఏం చెప్పాడో వినిపించలేదు. ఎనిమిది మలుపులు దాటాం. కుక్క పెన్సిలు గుర్తు దగ్గరే ఉంది. తొమ్మిదో మలుపులో, పూత మీద ఉన్న వలిసె చేను పచ్చగా మెరుస్తుంటే, గట్టు మీద అవ్వ నిలబడి ఉంది. నేను కుడికి తిరిగి, మంచి జాగా చూసి ఆగి, వెనకవాళ్ళు తిరగడాన్ని గర్వంగా చూద్దామని మళ్ళాను.

వాళ్ళు తిరగలేదు. అమ్మవారిని చూశారు. ముందు అక్కగారు, ఆవిడను చూసి మాస్టారు, వాళ్ళను చూసి మిగతా ఇద్దరూ పిడి వదిలేసి, రెండు చేతులూ జోడించి, కళ్ళు మూసుకుని, భక్తిగా ముందుకు వంగారు.

యంత్రాలది తప్పేమీ లేదు. వంగితే వెళ్ళాలని వాటికి చెప్పారు, అవి వెళ్ళాయి. బాట కుడికి తిరిగింది కానీ, పిడి వదిలిన యంత్రాలు తిరగవు. నాలుగూ ఒకే వేగంతో, ఏ తొందరా లేకుండా, తిన్నగా వలిసె చేలోకి ప్రవేశించాయి. నేను కేకవేశాను. ప్రార్థనలో ఉన్నవాళ్ళకు అది అందలేదు. తల ఎత్తినవాళ్ళు ఎత్తినచోట ఆగారు. ఆ దూరాలు తరవాత నేనే కొలిచాను. మర్యాదకు వంగిన అల్లుడు రెండు మీటర్లు, కూతురు మూడున్నర, మాస్టారు ఐదు. అక్కగారు తన వాళ్ళందరి పేర్లూ ఒక్కొక్కటిగా అమ్మవారికి చెప్పుకునే అలవాటున్న మనిషి. ఆవిడ పదకొండు మీటర్ల ఇరవై సెంటీమీటర్లు వెళ్ళింది. భక్తిని మీటర్లలో కొలిచినవాడు ఇంకెవరైనా ఉన్నాడో లేదో నాకు తెలియదు. చివరి పేరు చెప్పి కళ్ళు తెరిచి, నలువైపులా నడుమెత్తున ఉన్న పసుపు పువ్వులను ఆవిడ ప్రశాంతంగా చూసింది.

"తమ్ముడా, దారి ఇటేనేటి?"

గొడుగు కాస్త కిందికి దిగి సావుకారు ముఖాన్ని కప్పేసింది.

నాకు కళ్ళ ముందు పంపుసెట్ల షాపు కనిపించింది. వెంటనే క్షమాపణ చెప్పుకోవాలని యంత్రాన్ని అవ్వ వైపు తిప్పి, రెండు గజాల దూరంలో ఆగి, పెద్దావిడ కనక వినయంగా చేతులు జోడించి వంగి, తప్పయిపోయిందవ్వా అన్నాను. ఉదయం నుంచీ నలుగురికి పదిసార్లు నేర్పినవాణ్ణి నేను. యంత్రం నన్ను మోసుకుని అవ్వ మీదికి బయలుదేరింది. ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. కంగారులో వెనక్కి వాలితే అది ఆగింది. కానీ అంత తప్పు చేసి, పెద్దావిడ ముందు ఛాతీ విరుచుకుని నిలబడడం నావల్ల కాలేదు. మళ్ళీ వంగాను. మళ్ళీ వెళ్ళాను. ఆమె ఇంకో రెండడుగులు వెనక్కి వేసింది. మూడోసారి వంగేసరికి, కదలకుండా నిలబడి, అరచెయ్యి నా నుదుటికి ఆనించి, మెల్లగా నన్ను నిటారుగా నిలబెట్టింది. యంత్రం ఆగిపోయింది.

"తప్పొప్పుకోడానికి వొచ్చినావో తొక్కీడానికి వొచ్చినావో, ముందు అది సెప్పు. ఆనక దిగు."

దిగాను. ఆమె నా మెడలో వేలాడుతున్న అట్టను, దాని మీద అంటించిన పటాన్ని చూసింది. అదేమిటని అడిగితే, ఈ దారిలో ఉన్నవన్నీ అందులో ఉన్నాయని చెప్పాను. కరెంటు స్తంభం చూపించమంది, చూపించాను. తన ఇల్లు చూపించమంది, చూపించాను. కుక్కను కూడా చూపించాను. అప్పటికి అక్కగారి కుటుంబం చేలోంచి నడిచి వచ్చి చుట్టూ నిలబడింది. ఊళ్ళోవాళ్ళు కూడా చేరారు.

"మా అమ్మోరేది మరి?"

వేలుపెట్టి చూపించాను. ఏం రాశానో చదవమంది. ఏదో ఒకటి కల్పించి చెప్పవచ్చు, ఆమెకు చదువు రాదు. కానీ పక్కన హెడ్మాస్టరు కళ్ళజోడు సర్దుకుంటున్నారు. ఉన్నది ఉన్నట్టు చదివాను. రాయి ఒకటి. ఎత్తు అరవై సెంటీమీటర్లు. అడ్డు కాదు.

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. అవ్వ అమ్మవారి వైపు చూసింది, చేలో వరసగా నిలబడిన నాలుగు యంత్రాల వైపు చూసింది, చివరికి నా వైపు చూసింది.

"అడ్డు కాదని రాసినావు. అడ్డయ్యిందా, నేదా?"

అయ్యిందన్నాను. నా జీవితంలో ఒక కొలత తప్పని ఒప్పుకోవడం అదే మొదలు.

ఆ తరవాత ఆమె చెప్పిన తీర్పులో నాకు తెలియని సూత్రం ఏదీ లేదు. అమ్మవారి ముందు బండి మీద నుంచి దండం పెట్టడమేమిటి, ఎవరైనా దిగి పెట్టాలి కదా అంది. మలుపు దగ్గర ప్రతివాడూ దిగాలి, దండం పెట్టుకోవాలి, చేను అవతల పనసమొద్దు దాకా బండిని నడిపించుకుపోవాలి, అక్కడ ఎక్కాలి. అలాగైతే బళ్ళు ఉండవచ్చు. విరిగిన మొక్కలకు శిక్షగా, కోతకు నేను రావాలి. ఈ కాగితంలో అమ్మోరిని సరిగ్గా రాయాలి. అక్కగారు అప్పటికే అవ్వ పక్కన చేరి, ఈ తీర్పు తానే ఇచ్చినట్టు తల ఊపుతోంది. నేను పటంలో ఆ వరస కొట్టేసి, 'అమ్మవారు. దిగవలెను' అని రాశాను. ఎత్తు రాయలేదు.

ఉద్యోగం ఖాయమైంది. నాన్నకు ఫోను చేసి చెప్పాను, అక్కగారి ద్వారా ఆయనకు మీటర్లతో సహా సంగతంతా అప్పటికే తెలుసునని మాత్రం అప్పుడు నాకు తెలియదు. కోతకు రెండు రోజులు వెళ్ళాను. నేను కోసిన వరస అందరి వరసలో సగం ఉంది. ఆ లెక్క నేను వేయలేదు, అవ్వ వేసింది.

ఇప్పుడు నేను భవనాల్లో లిఫ్టులు తనిఖీ చేసే పనిలో ఉన్నాను. కొత్త చోటికి వెళితే టేపు తీసే ముందు ఒక మూల నిలబడి, అక్కడి మనుషులు ఎక్కడ ఆగుతారో, ఎక్కడ చెప్పులు విడుస్తారో, ఎవరిని చూసి వంగుతారో కాసేపు గమనిస్తాను. పోయిన చలికాలంలో కుటుంబంతో అరకు వెళ్ళి, ఆ ఊరు చూద్దామని ఆటో కట్టించుకున్నాను. బ్యాటరీలు చచ్చి సెగ్వేలు ఎప్పుడో పోయాయి. బంగళాకు వేరే ఎవరో రంగులు వేశారు. అవ్వ లేదు. చేను ఉంది, పూత మీద ఉంది. తొమ్మిదో మలుపులో ఆటో డ్రైవరు ఇంజను ఆపి కిందికి దిగాడు. ఎదురుగా ఇద్దరు మోటారుసైకిళ్ళను నడిపించుకుంటూ వస్తున్నారు. పనసమొద్దు ఉన్నచోటి నుంచి.

"దిగాల సార్. ఇక్కడ బళ్ళమీద పోకూడదు. దొరల కాలం నుంచీ ఉన్న ఆచారం."

నేను నోరు తెరిచాను. దొరల కాలం కాదు, ఒక డిప్లొమా కుర్రాడి కాలమనీ, ఇందులో పదకొండు మీటర్ల ఇరవై సెంటీమీటర్లు పార్వతీపురం అక్కగారివనీ చెప్పాలనిపించింది. కానీ ఆటో డ్రైవరు అప్పటికే కళ్ళు మూసుకుని ఉన్నాడు. అమ్మవారికి కొత్తగా పసుపు రాశారు. చెప్పులు విడిచి, చేతులు జోడించి, నుదుటి మీద ఆ అరచెయ్యి ఇంకా ఉందేమోనని ఒక్క క్షణం ఆగి, వంగాను. కాళ్ళ కింద నేల ఉంది. ఎక్కడికీ వెళ్ళలేదు.