ఎదురు తిరిగిన హారతి

ఆ రోజుల్లో నాకు భయం, భక్తి వేరువేరు సంగతులని తెలియదు. దీపం కొండెక్కితే గుండె జారిపోయేది. పటం మీది పువ్వు కుడివైపు రాలితే ఆ పూటంతా పండగే. బడి మొహం చూడని దాన్ని. నాన్నగారు ఇంట్లోనే కూర్చోబెట్టి చదువు చెప్పారు, మిగతా లోకాన్ని అమ్మ పూజగదిలోంచే చూపించింది. అలాంటి పిల్లని పెళ్ళి చేసుకుని మా ఆయన నేరుగా జర్మనీలోని కైసర్స్‌లౌటర్న్ తీసుకొచ్చేశారు. ఆయన అక్కడి యూనివర్సిటీలో మాస్టర్స్ చదువుతున్నారు, గొట్టాల్లో వేడి ఎలా పారుతుందన్న దాని మీద (ఆ వేడి మా గదిలోకి మాత్రం ఎప్పుడూ పారలేదు).

మాకు గది ఇచ్చిన పెద్దాయన్ని ఓపా అనేవాళ్ళం, ఆయన భార్యని ఓమా. అక్కడి పిల్లలు తాతనీ మామ్మనీ అలాగే పిలుస్తారు. ఇల్లు దొరక్క సూట్‌కేసులతో తిరుగుతున్న మమ్మల్ని చూసి, "కాగితాల సంగతి తర్వాత, ముందు లోపలికి రండి, చలిగా ఉంది" అన్న మనిషి ఆయన. ఆ మాటని తలుచుకోకుండా నేను ఇప్పటికీ నిద్రపోను. చేరిన మర్నాడు పొద్దున్నే గదిలో కర్పూరం వెలిగించానో లేదో, పైకప్పుకున్న రౌఖ్‌మెల్డర్ అనే పొగ గంట వీధి మొత్తానికి వినిపించేలా కేకలు పెట్టింది. నేను దేవుడి ముందు సాష్టాంగపడింది భక్తితో కాదు, దడుపుతో. ఓపా స్టూలు తెచ్చి దాని నోరు నొక్కి, నా వేంకటేశ్వరస్వామి పటాన్ని రెండు చేతులతో పట్టుకుని కిందికి దిగారు. గరాజ్‌లో ఒక అర ఖాళీ చేసి, "ఇక్కడ ఎంత పొగైనా పెట్టుకో. నాకంటే ఎక్కువ పెట్టలేవు" అన్నారు. అలా మా స్వామి ఇంజిన్ ఆయిల్ డబ్బాకీ, పానాల పెట్టెకీ మధ్య కొలువయ్యాడు. (స్వామి ఏమీ అనుకోలేదు. అనుకున్నా నాతో చెప్పలేదు.)

ఆ గరాజ్‌లో అప్పటికే ఒక దేవత ఉంది. ఓపా గారి హాట్ రాడ్. పాత కాలపు చిన్న కారు ఒంటికి, దాని స్థాయికి ఏ మాత్రం తగని రాక్షసి ఇంజిన్ తగిలిస్తే ఎలా ఉంటుందో అలా ఉండేది. మూత కూడా లేదు, పేగులన్నీ బయటికే. మొదటిసారి ఆయన దాన్ని స్టార్ట్ చేసినప్పుడు గరాజ్ తలుపులు వణికాయి, అరలో నా పూజగంట దానంతటదే మోగింది. నేను "గోవిందా" అని అరిచి గుమ్మం అవతలికి ఎలా చేరానో నాకే తెలియదు.

అంతటి రాక్షసికీ ఒక జబ్బు. పెద్ద రోడ్డు మీద దూసుకుపోతే చల్లగా ఉండేది. ఊళ్ళోకొచ్చి నెమ్మదిస్తే చాలు, వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటి, ముందునుంచి ఆవిరి కక్కేది. ఓపా చలికాలమంతా రేడియేటర్ మార్చారు, నీళ్ళ పంపు మార్చారు, థర్మోస్టాట్ మార్చారు, ఫ్యాన్ కూడా కొత్తది బిగించారు. పెట్టినవన్నీ మింగి ఆ మహాతల్లి మళ్ళీ మరిగింది, ఈసారి ఇంకా తొందరగా. మా ఆయన లాప్‌టాప్ పట్టుకుని దిగి లెక్కలు కట్టారు. ఆయన లెక్క ప్రకారం అది వేడెక్కడానికి వీల్లేదు.

చిక్కేమిటంటే, శనివారం ఓపా మనవరాలి పెళ్ళి. చర్చి నుంచి విందు హాలు దాకా పెళ్ళికూతుర్ని ఈ కారులోనే, ఊరంతా చూసేలా, నెమ్మదిగా ఊరేగిస్తానని ఆ అమ్మాయి పసిపిల్లగా ఉన్నప్పుడే మాటిచ్చారట. ఓమా మాత్రం తేల్చి చెప్పేసింది. "తెల్ల గౌను మీద తుప్పునీళ్ళు పడనివ్వను. ఇంకొక్కసారి పొగ వచ్చిందా, దాన్ని కొంటానన్నాయన సోమవారమే వచ్చి పట్టుకెళ్తాడు." ఆ తర్వాత ఓపా సరిగ్గా భోంచేయలేదు. మాకు నీడ ఇచ్చిన మనిషి అలా తలొంచుకు కూర్చుంటే చూడలేకపోయాను.

పెళ్ళికి ముందు రోజు పొద్దున, కారు ముందు భాగం గరాజ్ బయట పెట్టి, ఇంజిన్ నడుపుతూ ఓపా, మా ఆయన ఇద్దరూ ముల్లు కేసి చూస్తున్నారు. నేను పూజ ముగించి పళ్ళెం పట్టుకొచ్చాను.

"ఏవండీ, బండికి ఒక్క హారతి ఇస్తానండీ."

"కారు వేడెక్కిపోతోందిరా దేవుడా అని మేం ఏడుస్తుంటే, నువ్వు నిప్పు పట్టుకొస్తావా? ఊరుకోవే బాబూ!"

"ఏమంటోంది?" అన్నారు ఓపా. నా జర్మన్ అప్పటికి గుటెన్ టాగ్ అనే నమస్కారం దాటలేదు; మా ఆయనే నసుగుతూ చెప్పారు. ఓపా నవ్వారు. "అందర్నీ అడిగాను. దేవుణ్ణే ఇంకా అడగలేదు. కానియ్, కిండ్." (కిండ్ అంటే బిడ్డ. ఆ ఒక్క మాటా నాకు తెలుసు.) ఓమా గోడకున్న మంటలార్పే సిలిండర్ దించుకుని వచ్చి నా పక్కన నిలబడింది.

కారుకి బొట్టు పెట్టాను. కర్పూరం వెలిగించి, కళ్ళు మూసుకుని, "స్వామీ, ఈయన రుణం తీర్చుకునే దారి నాకు ఇంకోటి లేదు" అనుకుంటూ పళ్ళెం ముందుకు చాపాను. అప్పుడే కారు ఫ్యాన్ తిరగడం అందుకుంది. వేడి గాలి నా మొహాన కొట్టింది. కళ్ళు తెరిచేసరికి మంట నావైపే వంగి, ఒక్కసారి ఎగిరి, ఆరిపోయింది. పళ్ళెంలో కుంకుమంతా లేచి నా మొహాన పడింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. హారతి పుచ్చుకోలేదు! స్వామి తిప్పికొట్టాడు! నా చేతి మీదుగానే ఓపా బండి సోమవారం వెళ్ళిపోతుంది! ఎర్రబడ్డ నా మొహం చూసి నెత్తురనుకుని ఓమా కెవ్వున అరిచి, సిలిండర్ నావైపే గురిపెట్టింది. నేను గరాజ్ ముందు నేల మీద కూలబడి భోరుమన్నాను.

ఓపా నన్ను చూడటం లేదు. ఆరిన కర్పూరాన్ని చూస్తున్నారు. "నోఖ్ మాల్!" అని అరిచారు.

"మళ్ళీ వెలిగించమంటున్నారే," అన్నారు మా ఆయన బిత్తరపోయి.

"ఆరిపోయిన హారతి మళ్ళీనా? ఆయనకి పిచ్చా ఏంటండీ?"

కూర్చున్నచోటే మళ్ళీ వెలిగించి చాపాను. మళ్ళీ నావైపే వంగింది. ఓపా రెండు చేతులతో నెత్తి కొట్టుకుని, నన్ను లేవదీసి, కుంకుమ మొహంతో సహా గట్టిగా వాటేసుకున్నారు (పరాయి మగవాడు ముట్టుకోవడం అదే మొదలు, ఇంకో ప్రాణం అక్కడ పోయింది). సంగతి మా ఆయన చెప్పారు. ఫ్యాన్ బయటి చల్లగాలిని లోపలికి లాగాలి. ఓపా పాతదానికీ, దానికంటే జోరైన ఈ కొత్తదానికీ కూడా రెండు వైర్లు తారుమారుగానే కలిపారు. అది ఇంజిన్ వేడిని ముందుకి ఊదుతోంది. వేగంగా పోతే ఎదురుగాలి గెలిచేది, నెమ్మదిస్తే ఫ్యాన్ గెలిచేది. తిరుగుతోందా అని రోజూ చూశారు గానీ, ఎటు ఊదుతోందని ఎవరూ చూడలేదు.

"అయితే స్వామి తిప్పికొట్టలేదా?" అన్నాను.

"లేదే తల్లీ, ఫ్యాన్ తిప్పికొట్టింది."

శనివారం పెళ్ళికూతురు నత్త నడకన ఊరంతా తిరిగింది. కారు ముందు నేను పెట్టిన బొట్టు అలాగే ఉంది. తుడవబోయిన ఓమాని ఓపా తుడవనివ్వలేదట.

తర్వాత మేం కొలోన్ నగరానికి వచ్చేశాం. అయినా ప్రతి వసంతంలోనూ, కారు బయటికి తీసే ముందు ఓపా ఫోన్ చేస్తారు: "కిండ్, నీ నిప్పు పట్టుకురా." వెళ్తాం. ఓమా సిలిండర్‌తో నిలబడుతుంది. నేను కళ్ళు మూసుకుని పళ్ళెం చాపుతాను. మంట లోపలికి వంగగానే "గుట్" (బాగుంది) అంటారు ఓపా. పుచ్చుకున్నావా తండ్రీ అనుకుంటాను నేను. గాలి ఎటు పోవాలో ఇప్పుడు నాకూ తెలుసు. కానీ ఆ "గుట్" వినపడేదాకా, ఎర్రటి మొహంతో నేల మీద కూలబడ్డ ఆ పిల్ల నాలో ఇంకా ఊపిరి బిగబట్టుకునే ఉంటుంది. దాన్ని చూసి నవ్వొస్తుంది. లేచి వెళ్ళిపోమని చెప్పడానికి మాత్రం మనసొప్పదు.