బొటనవేలి కింద మచ్చ

"నాకు తెల్వదు అవ్వా. వాపు కావచ్చు, గడ్డ కావచ్చు," అన్నారు బాన్సువాడలో మా పిల్లల డాక్టరు, బీర్కూర్ నుంచి వచ్చిన అవ్వతో. ఆమె మనవరాలి మెదడు స్కాన్‌లోని తెల్లమచ్చను బొటనవేలితో కప్పేశారు. మచ్చనే చూస్తూ ఇంటివాళ్ళు పిల్లను చూడడం మానేస్తారని ఆయనకు ఆ అలవాటు.

"గిది చెప్పనీకేనా సార్, బస్సెక్కి రమ్మన్నది?"

"తెల్వకముందే ఆపరేషనని తలకాయ కోయిస్తవా?"

ఫిట్స్‌తో వచ్చిన ఆ పిల్ల అప్పుడు ఆయన స్టెతస్కోపుతో ఆడుకుంటోంది. ఆపరేషన్ చేయాలన్న హైదరాబాద్ డాక్టర్లతో ఆయనే మాట్లాడి, దాన్ని ఆపించి, వాపు తగ్గే మందులు మొదలుపెట్టించారు. రెండో స్కాన్‌లో మచ్చ సగమైంది. అవ్వ తెచ్చిన జిలేబి ఇష్టంగా తిన్నారు గానీ, మచ్చ మీంచి వేలు మాత్రం తీయలేదు.

"కొన్ని గడ్డలు గూడ గీ మందుకు తగ్గుతయి అవ్వా. ఇంకోసారి చూద్దాం."

తర్వాత ఆయనకు బదిలీ అయింది. పిల్ల బడికి వెళ్తోంది. మూడో స్కాన్‌లో మచ్చ పెరగలేదు, పోనూ లేదు.