చారలాయన కొలకర్ర

బడి ముందు రోడ్డు మీద పదకొండు తెల్ల చారలు: మా బావమరిది చెమటోడ్చి సాధించిన మొదటి విజయం అది. ఆ చారలు మూడుసార్లు పోయాయి. మొదటిసారి వాన కడిగేసింది. రెండోసారి రంగు ఆరకముందే ఒక పాలవ్యాను వాటి మీదుగా వెళ్లి, వీధి చివరిదాకా తెల్ల చక్రాల ముద్రలు వేసుకుంటూ పోయింది. మూడోసారి ఇంజనీరుగారు వచ్చి, ఒక కన్ను మూసి చూసి, వంకరగా ఉన్నాయని గీకించేశారు. నాలుగోసారి వేసినవి నిలిచాయి. బడి పిల్లలు అతనికి చారలాయన అని పేరు పెట్టారు. అసలు పేరు ఇప్పుడు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనబడదు.

అతని గురించి రాయడానికి నాకంటే తగినవాడు లేడు. అతని అక్కను చేసుకున్నవాణ్ణి, అతని చేతికి పనిముట్టు ఇచ్చినవాణ్ణి. పల్లెటూరి బడిలో అయిదో తరగతి వరకు చదివాను, లెక్కల్లో నన్ను దాటినవాడు లేడు. నలభై మూడేళ్లు వడ్రంగం చేశాను. నేను బిగించిన తలుపు ఒక్కటీ వానాకాలంలో బిగుసుకుపోలేదు. రోడ్ల ఆఫీసులో గీతలు వేసే పని దొరికిందని బావమరిది చెప్పిన రోజునే చేవగల కర్ర ఏరి, సరిగ్గా మీటరు పొడవున కొలకర్ర చేసిచ్చాను. దాని మీద అంకెలు వేయలేదు. కర్ర మొత్తం కలిపి మీటరు, అంతే. చివర ఇనప పొన్ను, అదే తొడుగు, వేయించమని అతను అడిగాడు.

"నా చేతి కర్రకు పొన్నెందుకు? అది ముసలాళ్ల ఊతకర్రలకి వేస్తార్రా" అన్నాను.

ఆ కర్రతో తొమ్మిదేళ్లు పనిచేశాడు. నలభై ఆరుచోట్ల నడిచేవాళ్లు దాటే చారలు వేశాడు. పద్నాలుగు వీధుల్లో ఆకుపచ్చ సైకిల్ దారి అతని చేతి పనే. ఆఫీసువాళ్లు ఉక్కు టేపు ఇస్తే, బావ ఇచ్చిన కర్ర ఉండగా ఇదెందుకని పెట్టెలో పడేశాడు. అది విని పొంగిపోయాను.

రూల్సన్నీ అతనికి కంఠతా వచ్చు. సైకిల్ దారిలోకి మోటారు బండి రాకూడదు. నడిచేవాళ్లు అందులో నిలబడి కబుర్లు చెప్పుకోకూడదు. ఆ దారి చారలను దాటేచోట ఎవరైనా కాలు పెడితే సైకిల్ ఆగాలి. ఆగడానికి చారల కంటే మీటరు ముందు అడ్డంగా ఒక గీత ఉండాలి. మా ఇంటికొస్తే వంటింటి గుమ్మం దగ్గర కూడా ఆగేవాడు.

"నడిచేవాళ్లదే ముందు, నువ్వు వెళ్లక్కా" అనేవాడు.

"ఇక్కడ సైకిలెవరు తొక్కుతున్నార్రా? గిన్నె కాలుతోంది, తప్పుకో" అనేది మా ఆవిడ.

ఇలా ఉండగా జనవరిలో చిక్కు వచ్చిపడింది. కంటి ఆసుపత్రి ముందు అతను కొత్తగా వేసిన చారల మీద ఒక పెద్దావిడ దాటుతుంటే, సైకిల్ ముందు చక్రం ఆవిడ సంచికి తగిలింది. దెబ్బ తగల్లేదు గాని టమాటాలన్నీ రోడ్డు పాలయ్యాయి. సైకిలాయన వాటిని ఏరిచ్చి, నేరుగా ఆఫీసుకు వెళ్లి ఫిర్యాదు రాశాడు: గీత దగ్గరే బ్రేకు వేశాను, ఆగడానికి చోటే లేదు.

ఇంజనీరుగారు టేపు పట్టారు. మీటరు ఉండాల్సినచోట ఎనభై ఆరు సెంటీమీటర్లు ఉంది. చారలు కూడా మూడు మీటర్లకు దాదాపు మూరెడు చొప్పున తగ్గాయి. "చారకి మూరెడు రంగు మిగిలింది కదా, ఎక్కడ అమ్మావు?" అని అడిగారు. వారంలో జవాబివ్వకపోతే ఉద్యోగం తీసేస్తామని చెప్పి, అతన్ని పనిలోంచి పక్కన పెట్టారు.

మా ఆవిడ అన్నం ముట్టలేదు. "వాడు దొంగతనం చేస్తాడా? చిన్నప్పుడు నా బలపం కూడా అడిగే తీసుకునేవాడు."

"తిరిగి ఇచ్చేవాడా?"

"అది వేరే సంగతి."

నేను అతనింటికి వెళ్లాను. గుమ్మం ముందు మెట్టు అంచున తెల్లగా ఒక పట్టీ ఉంది. ఎండ పడి అది మిలమిల మెరిసింది. రోడ్డు రంగులో గాజుపొడి కలుపుతారని నాకు తెలుసు.

"ఇదెక్కడిది?"

"సున్నం బావా. నువ్వు కూడా నన్ను అనుమానిస్తున్నావా?"

"నిన్ను పెళ్లినాటి నుంచీ అనుమానిస్తూనే ఉన్నాను. ఇవాళ కొత్తగా ఏం లేదు."

అతను నవ్వలేదు. దాంతో నాకు అనుమానం ఇంకా పెరిగింది.

మర్నాడు టేపు, కాగితం పట్టుకుని ఒక్కణ్ణే బయల్దేరాను. ఏటా కొత్త రంగు పాత చారల మీదే పూస్తారు కాబట్టి మొదట వేసిన కొలత మారదు. బడి ముందు ఆగే గీతకీ చారలకీ మధ్య కొలిచాను: సరిగ్గా మీటరు. రెండో ఏడు వేసిన గ్రంథాలయం ముందు తొంభై ఎనిమిదిన్నర. మూడో ఏటిది, కూరగాయల బజారు ముందు, తొంభై ఏడు. దొంగకు ఏటేటా ధైర్యం పెరుగుతోందని అనుకున్నాను. కాని సాయంత్రానికి కాగితం నిండేసరికి నా లెక్కల బుర్రకు అది మింగుడుపడలేదు. ప్రతి ఏడూ ఒకటిన్నర, ఒక్కోసారి రెండు. ఇంత పద్ధతిగా తినే దొంగ ఎక్కడా ఉండడు.

తిరిగి అతనింటికే వెళ్లాను. "గీత ఎలా వేస్తావో చేసి చూపించు."

కర్ర తెచ్చి వీధిలో పరిచాడు. కొలత ముగిసినచోట గుర్తు కోసం కర్ర చివరతోనే తారు మీద బరబరా రెండుసార్లు గీకాడు.

"రోజూ ఇలాగేనా?"

"సుద్దముక్క అయితే గాలికి పోతుంది బావా. ఇదైతే గుర్తు నిలుస్తుంది."

కర్ర అందుకున్నాను. ఆ చివర పిల్లలు నమిలిన పెన్సిల్లా గుండ్రంగా ఉంది. టేపు పెట్టాను. ఎనభై ఆరు.

అతను నా మొహం వంక, కర్ర వంక చూశాడు. "పొన్ను వేయించమన్నాను" అన్నాడు నెమ్మదిగా.

ఇంటికొచ్చి జరిగింది చెప్పాను. ఆ చివరి మాట మాత్రం మింగేశాను. మా ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"వాడింకేం అనలేదా?"

"పొన్ను సంగతి అన్నాడు."

"వినబడిందా, లేక నన్ను కూడా ఓసారి చెప్పమంటారా?"

అందుకే మర్నాడు ఇంజనీరుగారి ముందు దాచకుండా చెప్పాను. పొన్ను వద్దన్నది నేనేనన్నాను. ఆయన కర్రను అటూ ఇటూ తిప్పి, "దీన్ని నిన్ననే కోసి తేలేదని నమ్మకం ఏమిటి?" అన్నారు.

"కోస్తే రంపం గాట్లు ఉంటాయండి. ఇది అరిగింది. అయినా కర్రను నిన్న కోసినా, తొమ్మిదేళ్ల గీతల్ని నిన్న కోయలేను కదా" అని నా కాగితం ముందుకు జరిపాను.

ఆయన నన్ను నమ్మలేదు. స్వయంగా నాలుగుచోట్ల కొలుచుకుని వచ్చి, అప్పుడు సంతకం పెట్టారు. బావమరిది ఉద్యోగం నిలిచింది. తగ్గిన గీతలన్నీ యంత్రంతో తిరిగి వేయాలన్నారు, ఆ యంత్రం నేర్చుకోవడానికి అతన్నే పక్క ఊరి ఆఫీసుకు పంపారు. మొత్తం ఆఫీసులో ఆ పనికి ఎంపికైనవాడు మా బావమరిది ఒక్కడే అని ఇక్కడ రాసుకోవాలి. కొలకర్రను మాత్రం ఇంజనీరుగారు బీరువాలో పెట్టి తాళం వేశారు. తప్పు కనిపెట్టింది తానేనని పైవాళ్లకు రాస్తారేమోనని నాకు అనుమానం. అందుకే నా లెక్కల కాగితానికి నకలు తీసి దాచాను.

ఈలోగా ఇంకో కర్ర చేశాను. ఈసారి పది సెంటీమీటర్లకొక గాటు పెట్టాను, రెండు చివరలా పొన్ను వేయించాను. తలుపు పక్కన ఆనించి ఉంది. అది చేతికిస్తూ ఆ మెట్టు సంగతి ఒకటి అడగాలి, ఎందుకంటే సున్నం అలా మెరవదు. అతను తిరిగి వచ్చేది మార్చి పదిహేడు, మంగళవారం.