రైఫిల్ కింద పెట్టేది

ఐర్లండ్‌లోని ట్రాలీ ఊరి ఆసుపత్రిలో నేను అనెస్తీషియా రిజిస్ట్రార్‌గా చేరేనాటికే అక్కడ ఒక పెద్ద డాక్టరు గారు పాతుకుపోయి ఉన్నారు. గుంటూరు వైపు మనిషి, కన్సల్టెంట్. ఊళ్లోని తెలుగువాళ్లందరికీ ఆయన ఉత్త ‘సార్’. ఇల్లు అద్దెకు తీసుకోవాలన్నా, కారు మార్చాలన్నా, పిల్లల్ని ఏ బడిలో వేయాలన్నా సార్‌ని అడగాలి. అడగకపోయినా సార్ చెబుతారు. ఆయనంటే నాకు మొదట్లో భయం ఉండేది, తర్వాత విసుగొచ్చింది, చివరికి చులకన మిగిలింది. ఆ చులకన నాలో ఎలా స్థిరపడిందో చెప్పాలంటే, రైఫిల్ కింద పెట్టే ఒక ఇనప స్టాండ్ గురించి చెప్పాలి.

నన్ను షూటింగ్ క్లబ్‌కి తీసుకెళ్లింది మా ఆపరేషన్ థియేటర్ నర్సు. ఊరి బయట పాత రాతి క్వారీలో ఉంటుందది. రేకుల కప్పు కింద వరసగా బల్లలు, ఎదురుగా దూరంగా చెక్క చట్రాలకు అంటించిన కార్డులు. కార్డు మీద చిన్న చిన్న వృత్తాలు, ఒక్కో వృత్తానికి ఒక్క తూటా. బల్ల ముందు కుర్చీలో కూర్చుని, రైఫిల్‌ని చేతుల మీద మోయకుండా బల్ల మీదే ఆనించి కాల్చాలి. కండబలంతో పనిలేదు. ఊపిరి, చూపు, వేలు మాట వింటే చాలు. పనిలో రోజంతా ఒకరి ఊపిరి లెక్క చూస్తూ కూర్చునేదాన్ని కదా, అక్కడ నా ఊపిరి ఒక్కటే చూసుకోవచ్చని తెలిసి ప్రాణం లేచొచ్చింది. క్లబ్‌లో చేరాను. లైసెన్స్‌కి పెట్టుకుంటే గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, ఇంటికొచ్చి, మెట్ల కింద గోడకు బిగించిన ఉక్కు బీరువా చూసి, ‘గ్రాండ్’ అని, మా ఆయన ఇచ్చిన చాయ్ తాగి వెళ్లారు.

రైఫిల్ వచ్చింది. దాని వెనక భాగం కింద పెట్టుకునే ఇసుక సంచి కూడా కొనుక్కున్నాను. మిగిలింది ముందు భాగం కింద ఉండేది. మూడు కాళ్లు, నడుమ ఒక స్తంభం, దాని తలమీద రైఫిల్ పడుకునే చిన్న తోలు దిండు. దాన్ని రెస్ట్ అంటారు. గురిని వెంట్రుకవాసి పైకి, కిందికి, పక్కకి జరిపేది అదే. అంతదాకా క్లబ్ వాళ్ల పాత రెస్ట్ వాడుకునేదాన్ని. ఎత్తు పెంచే, తగ్గించే దాని చక్రం ఒకచోట పట్టేసేది.

సార్ కూడా అదే క్లబ్‌లో, నాకన్నా ముందు నుంచే మెంబరు. ఆయనకు తెలియకుండా ఈ రెస్ట్ సంగతి తేల్చేసుకుందాం అనుకున్నాను. ఒక ఆదివారం సార్ ఇంట్లో భోజనాలకు పిలిస్తే వెళ్లాం. చేతులు కడుక్కుంటూనే మా ఆయన, “మా ఆమె రెస్ట్ కొంటదట సార్, మీరే ఏదన్న చెప్పాలె” అన్నాడు. మా ఆయనకు పెద్దవాళ్లు కనిపిస్తే ఏదో ఒకటి సమర్పించుకోవాలి. ఆ రోజు నన్ను సమర్పించాడు.

పెరుగన్నం దాకా కూడా ఆగలేదు సార్. ప్లేటు పట్టుకునే మమ్మల్ని అద్దాల గోడలున్న సన్‌రూమ్‌లోకి నడిపించారు. అక్కడ కిటికీ గట్టు పొడుగునా రెస్టులు. నల్లవి, వెండిరంగువి, ఎర్రగా మెరిసేది ఒకటి, పక్షి కాళ్లలా సన్నకాళ్లవి, రోలంత బరువున్నవి. దేవుడి గదిలో కూడా అంత వరస ఉండదు. ఒక్కోదానికి ఒక్కో కథ. ఇది ఆస్ట్రేలియా నుంచి తెప్పించాను, ఇది చేత్తో చేసింది, దీనికి బేరింగులు ప్రత్యేకం. మేడమ్ గారు పెరుగు గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడి, “వీటిని తుడిచేది మాత్రం నేను” అన్నారు. ఆ మాట ఎవరూ విననట్టే ఉన్నారు. ఆవిడ నా పళ్లెంలో పెరుగు వేసి వెళ్లిపోయారు.

“ఏమ్మా, ఒకటి గుర్తుపెట్టుకో,” అన్నారు సార్. “కాల్చేది రైఫిల్ కాదు. రెస్ట్ కాలుస్తుంది. మనిషిదేముంది అందులో?”

ఆ చివరి మాట మాత్రం ఆయన విషయంలో అక్షరాలా నిజం. క్లబ్‌లో ఆయన తంతు నేను వారం వారం చూస్తూనే ఉన్నాను. అందరూ కాల్చడం మొదలుపెట్టాక కూడా ఆయన రెస్ట్ కాళ్ల కింద నీటిమట్టం గొట్టం పెట్టి చూసుకుంటూ ఉండేవారు. ఒక మర తిప్పి, వెనక్కి జరిగి, తల వంచి చూసి, మళ్లీ తిప్పేవారు. తీరా తూటా పేల్చేటప్పటికి గాలి మారేది, ఓపిక పోయేది. కార్డు మీద ఆయన తూటాలు వృత్తాలను తప్పించుకుని ఊరంతా తిరిగొచ్చేవి. అప్పుడు కార్డు వంక చూడకుండా రెస్ట్ వంక చూసి తల ఊపేవారు. తప్పు దొరికింది అన్నట్టు. కొన్నాళ్లకు ఇంకో రెస్ట్ వచ్చేది. రోగి మారకుండా మంచాలు మార్చే ఈ వైద్యం ఆసుపత్రిలో చేస్తే ఎవరైనా ఊరుకుంటారా అనిపించేది నాకు.

నాకు ఆయన ఖాయం చేసింది లివర్ ఉన్న రెస్ట్. ముందుకు పొడుచుకొచ్చిన ఒక కడ్డీ ఉంటుంది. దాన్ని పట్టుకుని కదిపితే రైఫిల్ అన్ని వైపులా తిరుగుతుంది. కారు గేరు లాంటిది. మంచి సాధనమే, కాదనను. తనది ఇచ్చి ఒక శనివారం నన్ను దాని వెనక కూర్చోబెట్టారు. కూర్చోగానే నాకు తేలిపోయింది. ఆ కడ్డీ పొడుగు చేతుల మగవాడి కోసం చేసింది. దాన్ని అందుకోవాలంటే నేను ముందుకు వంగాలి, వంగితే చెంప రైఫిల్ మీద నుంచి లేస్తుంది, భుజం కదులుతుంది, అప్పటిదాకా కుదిరిన గురి చెదురుతుంది. అదే ఆయనతో చెప్పాను.

“అలవాటవుతుందమ్మా,” అన్నారు.

చెయ్యి పొడుగు అలవాటు చేసుకుంటే పెరగదు సార్ అన్నాను. ఆయన నవ్వి, నా వైపు కాకుండా మా ఆయన వైపు తిరిగి, కొంచెం నచ్చజెప్పవయ్యా అన్నారు. మా ఆయన జీవితంలో రైఫిల్ ముట్టుకున్నవాడు కాదు. ఇంటికొచ్చే దారంతా నాకు లివర్ రెస్ట్ గొప్పతనం వివరించాడు.

లిమరిక్ నగరంలో తుపాకుల దుకాణానికి నేనొక్కదాన్నే పోదామనుకున్నాను. బయల్దేరే రోజు పొద్దున సార్ మా గుమ్మంలో ఉన్నారు. మా కారులో ముందు సీట్లో ఆయన, స్టీరింగ్ దగ్గర మా ఆయన, వెనక సీట్లో నేను. దుకాణంలో ఆయన యజమానికి రెస్టుల మీద ఉపన్యాసం ఇచ్చారు. ఆ మనిషి తన జీవనాధారం గురించి మొదటిసారి వింటున్నట్టు మర్యాదగా విన్నాడు. ఆ సందులో నేను అక్కడున్న బల్ల మీద ఒక్కో రెస్ట్ పెట్టుకుని, వెంట తెచ్చుకున్న నా రైఫిల్ దాని మీద పడుకోబెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుని చూశాను. కళ్లు మూసుకుని చెంప ఆనించి, చెయ్యి దానంతటది ఎక్కడికి పోతుందో చూశాను. చాలావాటిలో చెయ్యి గాలిలో వెతుక్కుంది. ఒకదానిలో మాత్రం తిన్నగా చక్రం మీదికి వెళ్లింది. పక్కకు జరిపే మర కూడా బొటనవేలికి అందింది. పైకెత్తి చూశాను, బాగా బరువు. తూటా మార్చేటప్పుడు కదలదు. కాళ్ల చివర ఉక్కు ములుకులు చెక్కలోకి దిగుతాయి. తోలు దిండు వెడల్పు నా రైఫిల్‌కి సరిగ్గా ఉంది, నొక్కిపట్టడం లేదు, వదులుగానూ లేదు. బూడిద రంగు, మెరుపు లేదు, చూడ్డానికి ఏ అందమూ లేదు. అదే కావాలన్నాను.

సార్ దాన్ని చూసిన చూపు ఇంకా గుర్తుంది. ఆయన కూతురు ఎవరో ముక్కూమొహం తెలియనివాణ్ని తెచ్చి పెళ్లి చేసుకుంటానన్నా అంత బాధపడి ఉండరు. తిరుగు ప్రయాణంలో దారిలో ఆబీఫీల్ అనే ఊరు దాటేదాకా మాట్లాడలేదు. ఆ తర్వాత మా ఆయనతో ఇళ్ల ధరల గురించి మాట్లాడారు. మర్నాడు ఆసుపత్రి కాఫీ గదిలో తెలుగు డాక్టర్లందరి ముందు, నన్ను చూపించి, మన అమ్మాయి పెసరట్లు వేసుకునే పొయ్యి కొనుక్కొచ్చిందయ్యా అన్నారు. అందరూ నవ్వారు. పదోన్నతి కోసం ఆయన సంతకం కావలసినవాళ్లు మరి కొంచెం ఎక్కువసేపు నవ్వారు.

ఆ వేసవి చివర క్లబ్‌లో పోటీ పెట్టారు. పెద్ద పోటీ ఏం కాదు, మా మెంబర్లలో మేమే. అయినా సార్ కొత్త రెస్ట్‌తో దిగారు. దాన్ని కారులోంచి దించడానికి మా ఆయన సాయం పట్టాల్సి వచ్చింది. ముందు రెస్టూ వెనక సంచీ రెండూ కలిపి ఒకే చట్రంగా బిగించినది. రైఫిల్ దాంట్లో ఉయ్యాలలో పసిబిడ్డలా పడుకుంటుంది, మనిషి ట్రిగ్గర్ నొక్కితే చాలు. క్లబ్ సెక్రటరీ రిటైరైన బడి టీచరమ్మ. ఆవిడ దాని చుట్టూ ఒకసారి తిరిగి, ముందుదీ వెనకదీ విడివిడిగా ఉండాలన్నది ఇక్కడి నియమం డాక్టర్ గారూ, ఇంటి దగ్గర వాడుకోవడానికైతే గ్రాండ్‌గా ఉంటుంది అంది. సార్ వాదించారు. ఏ ఏ దేశాల్లో ఒప్పుకుంటారో చెప్పారు. ఆవిడ అన్నీ విని, అలాగేనండీ అని, ఇక్కడ మాత్రం కుదరదని మళ్లీ అదే గొంతుతో చెప్పింది. ఆయన కోసం పోటీ ఆగదు కదా. మొదటి విడతలో నేను కాల్చేశాను. నా మట్టుకు నాకు బాగానే వచ్చింది.

కార్డు తెచ్చుకుందామని వెళ్లి వచ్చేసరికి నా బల్ల మీద నా రెస్ట్ లేదు. రెండో విడత బల్ల మీద ఉంది. సార్ దాని వెనక కూర్చుని చక్రం తిప్పి చూసుకుంటున్నారు. మా ఆయన పక్కన నిలబడి ఉన్నాడు, చేతులు కట్టుకుని.

“నన్ను అడగకుండ ఎట్ల ఇచ్చినవ్?” అన్నాను.

“సారే కదనే,” అన్నాడు.

నేను సార్ దగ్గరికి వెళ్లాను. మామూలుగా ఆసుపత్రిలో ఆయనతో పుస్తకంలో రాసినట్టు మాట్లాడేదాన్ని. ఆ రోజు మా ఊరి మాటే వచ్చింది.

“సార్, అది నాది. మీరు నన్ను అడగాలె.”

“మీ ఆయన ఇచ్చాడు కదమ్మా,” అన్నారు, తల తిప్పకుండానే.

“ఆయనది కాదు సార్. అడగండి, ఇస్త.”

పక్క బల్లల వాళ్లకు భాష అర్థం కాకపోయినా విషయం అర్థమైంది. చప్పుడు ఆపడానికి చెవులకు పెట్టుకున్న మఫ్‌లు తీసి చూస్తున్నారు. సార్ చుట్టూ చూసి, మొహాన నవ్వు పులుముకుని, అందరికీ వినబడేలా ఇంగ్లీషులో, డాక్టర్, దయచేసి మీ రెస్ట్ వాడుకోవచ్చా అని అడిగారు. ఆ ‘దయచేసి’ని ఎంత సాగదీశారంటే, నేనొక చిన్నపిల్లనని, ఆయన నా ఆట ఆడిపెడుతున్నారని ఆ క్వారీ రాళ్లకు కూడా తెలిసిపోయి ఉంటుంది. నేను సరేనన్నాను.

ఆయన కాల్చారు. వేరేవాళ్ల సాధనం కాబట్టి మరలు తిప్పే సరదా లేదు. నీటిమట్టం లేదు. కూర్చుని, చూసి, కాల్చడం తప్ప చేయడానికి ఇంకో పని దొరకలేదు. నేను వెనక నిలబడి చూస్తున్నాను. ఆయన భుజం కదల్లేదు. కార్డుల దగ్గర పాతిన జెండాను గాలి అటూ ఇటూ ఊపుతుంటే ఆగవలసిన చోట ఆగారు, కాల్చవలసిన చోట కాల్చారు. కార్డులు వచ్చాయి. నాకన్నా ఎక్కువ పాయింట్లు. ఒకటీ అరా కాదు, స్పష్టంగా ఎక్కువ.

మనిషికి చేతకాదనే నేను అంతకాలం అనుకున్నాను. చేతకానివాణ్ని చూసి జాలైనా పడొచ్చు. ఈయనకు చేతనైంది. ఆ కన్నూ, ఆ నిలకడా మొదటినుంచీ ఆయన దగ్గరే ఉన్నాయి. వాటిని సన్‌రూమ్ కిటికీ గట్టు మీది ఇనుము కింద పూడ్చిపెట్టి, తుడిచే పని భార్యకు అప్పగించారు. కార్డు చేత్తో పట్టుకుని ఆయన ఒక్క క్షణమైనా ఆశ్చర్యపడతారేమో అని చూశాను. పడి ఉంటే నేను మళ్లీ ‘సార్’ అని మనసారా అనేదాన్నేమో.

“చూశావామ్మా,” అన్నారు. “ఆ రోజు లిమరిక్‌లో నేను పక్కన లేకపోతే ఇంత మంచి రెస్ట్ దొరికేదా నీకు?”

మా ఆయన కూడా అవునన్నట్టు తల ఊపాడు. సార్ మీద నాకు మాటలు ఖర్చు పెట్టబుద్ధి కాలేదు. రెస్ట్ తుడిచి సంచిలో పెట్టుకున్నాను. కారు దాకా నేనే మోసుకెళ్లాను. మా ఆయన అందుకోబోతే ఇవ్వలేదు. మర్నాడు పొద్దున చాయ్ ఇస్తూ, తప్పయిందన్నాడు. అడగకుండా ఇవ్వడం తప్పా, తల ఊపడం తప్పా అని అడిగాను. రెండూ అన్నాడు. మా ఆయనకు నేను ఇంకా మార్కులు వేస్తున్నానంటే ఆ జవాబు వల్లే.

కాఫీ గదిలో సార్ ఆ విజయాన్ని వారం పాటు వడ్డించారు. నా పెసరట్ల పొయ్యి ఇప్పుడు ఆయన ఎంపిక చేసిన రెస్ట్ అయిపోయింది. అయితే దాన్ని మళ్లీ అడగలేదు, అలాంటిది కొనుక్కోనూ లేదు. తర్వాతి నెల పోటీకి ఇంకో కొత్తది తెచ్చారు. నీలం రంగు, రెండు లివర్లు, నియమాల ప్రకారమే ఉంది. దాన్ని బల్ల మీద నిలబెట్టడానికే విడత సగం గడిచింది. తూటాలు మళ్లీ ఊరు తిరగడానికి వెళ్లాయి. కార్డు మడిచి జేబులో పెట్టుకుని, ఫోన్ నా చేతికిచ్చి, దాని పక్కన తనను ఫొటో తీయమన్నారు. వెలుతురు బాగుంది. రెస్ట్ అంతా పడేలా తీసి ఇచ్చాను.