ఎబో బాగుచేసిన హార్మోనియం

ఎబో అన్సా పేరెత్తితే నాకు ముందు గుర్తొచ్చేది నా కడుపుమంట. దాచుకోవడం ఎందుకు?

ఘనాలో సముద్రపు ఒడ్డున పుట్టాడు. డెబ్బై తొమ్మిదిలో అమెరికాలోని మేరీలాండ్ వచ్చి ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికేవాడు. ఆదివారం పొద్దున సిల్వర్ స్ప్రింగ్‌లోని ఒక చర్చిలో తనవాళ్ల ఆరాధనకు గిటారు వాయించేవాడు. మధ్యాహ్నం రెండింటికి అదే చర్చి కింది హాల్లో మా తెలుగు ఆరాధన. అక్కడ హార్మోనియం నాది.

మేం వెళ్లేసరికి వాళ్లది ఇంకా నడుస్తూనే ఉండేది. కానుక వేయడానికి కూడా చిందేస్తూ వెళ్లేవారు. ఎబో తీగల మీద వేళ్లు కదిపితే ముసలమ్మలు సైతం రుమాళ్లు ఊపేవారు. నా వాయిద్యానికి మావాళ్లు చేసిందల్లా కళ్లు మూసుకోవడం. అది భక్తో నిద్రో నాకిప్పటికీ తెలియదు. నా భార్య రూతు మెట్ల దగ్గర ఆగిపోయి పాదంతో తాళం వేసేది. పదమూడేళ్ల కాపురంలో నా పాటకి ఆ పాదం కదలగా చూడలేదు.

దానికి తోడు, ఎనభై రెండు చలికాలంలో నా హార్మోనియంలో ఒక మీట మూగబోయింది. పెట్టె విప్పడానికి నాకు భయం. ఆ స్వరం రావలసిన చోట పక్క మీటల మీదుగా చుట్టు తిరిగి వచ్చేవాణ్ణి. రెండేళ్లు అలాగే నెట్టుకొచ్చాను.

ఎనభై నాలుగు క్రిస్మస్‌కి మా సంఘ పెద్ద సత్యానందంగారు, ఆ పాడైన పెట్టె ఎందుకు, ఎబోని పిలుద్దామన్నారు. రూతు వెంటనే సరేనంది. నాకు ఒళ్లు మండిపోయింది. నా చోటు దక్కాలంటే హార్మోనియం బాగుపడాలి. ఊరంతా వాకబు చేస్తే, అలాంటివి బాగుచేసేవాడు ఒక్కడే తేలాడు. ఆ ఒక్కడూ ఎబోనే.

పళ్లు బిగించి పెట్టె మోసుకెళ్లాను. రూతు కూడా వచ్చింది. వాళ్ల ఊరి చర్చిలో మేనమామ వాయించే, హార్మోనియం లాంటి అకార్డియన్‌ని విప్పి విప్పి నేర్చుకున్నానని చెబుతూనే ఎబో మూత తీశాడు. స్వరం పలికే ఇత్తడి రీడు కింద పల్చటి కాగితం దూర్చి దుమ్ము లాగేశాడు. పది నిమిషాల పని. పలుకుతోందో లేదో చూడటానికి మా క్రిస్మస్ పాటే ఎత్తుకున్నాడు. తెలుగు ముక్క రాదు. ప్రతి ఆదివారం మెట్ల మీద నిలబడి విన్నాడట. ఆ స్వరం దగ్గరికి వచ్చి, బాగుపడిన మీటని వదిలేసి, అచ్చం నాలాగే చుట్టు తిరిగాడు.

ఆ మీట ఇప్పుడు పనిచేస్తోంది కదా, నొక్కమన్నాను.

"ఆ పాటలో నాకు నచ్చిందే ఆ మలుపు, బ్రదర్" అన్నాడు. రూతు పాదం కదులుతూనే ఉంది.

క్రిస్మస్ నాడు నా చోట నేనే కూర్చున్నాను. గెలిచాననుకుని ఆ స్వరాన్ని నిండుగా పలికించాను. పాడుతున్నవాళ్లంతా తడబడ్డారు. రెండేళ్లుగా నా చుట్టుదారికే అలవాటు పడ్డారు మరి. రూతు వంగి నా చెవిలో చెప్పింది.

"ఏవండీ, ఎబో బ్రదర్ వాయించినట్టు వాయించండి."