నర్సింగన్న సినిమాల్లో పడినవాళ్లు

పోయిన వారం హైదరాబాదులో సిటీ బస్సెక్కి పనికి వెళ్తుంటే వెనక సీట్లోంచి ఎవరిదో ఫోన్ చప్పుడు వినబడింది. ముందు మరమగ్గాలు ఆడుతున్న చప్పుడు. దాని మీద ఇనుప రేకు వంగిన చప్పుడు. ఆ వెంటనే ఒక మగమనిషి "అవ్వా!" అని అరిచిన అరుపు. అరుపు ఆగకముందే పెద్ద గుంపు పగలబడి నవ్వింది. మళ్లీ అరుపు, మళ్లీ నవ్వు. మూడోసారి ఆ అరుపునే సాగదీసి మేక గొంతులా మార్చారు. వెనక్కి తిరిగి చూశాను. పాతికేళ్ల యువకుడు, మెడలో ఆఫీసు కార్డు, నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటున్నాడు.

"ఆయన చెయ్యి నిజంగానే విరిగింది," అన్నాను.

"ఎవరిది?"

"ఆ పడినాయనది. పేరు యాదగిరి. అది నటన కాదు."

అతను నన్నొకసారి, ఫోన్నొకసారి చూశాడు. "సారీ ఆంటీ," అని చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు. కాసేపటికి అతని భుజాలు మళ్లీ నవ్వుతో కదులుతుండటం కిటికీ అద్దంలో కనబడింది. దిగేదాకా నేను మళ్లీ వెనక్కి తిరగలేదు. అతన్ని తిట్టే హక్కు నాకుందా అంటే చెప్పలేను. ఆ సినిమా తీసింది నర్సింగన్న. కూర్చింది, అంటే ఎడిటింగ్ చేసింది, నేను. ఆ మగ్గాల చప్పుడు కూడా నేను వేసిందే.

నర్సింగన్న మీకు తెలియడు. షోలాపూర్ అశోక్ చౌక్‌లో ఆయనకొక వీడియో దుకాణం ఉండేది. అంతకు ముందు పదహారేళ్లు కార్ఖానాలో సాంచెలు నడిపాడు. మరమగ్గాలను అక్కడ స్థిరపడ్డ మా తెలుగు నేతవాళ్లు సాంచెలంటారు. పెళ్లిళ్లు తీయడం బతుకుతెరువు, ఫైటింగ్ సినిమాలు తీయడం పిచ్చి. పెళ్లిళ్లలో మిగిలిందంతా తీసుకుపోయి సినిమాల్లో పోసేవాడు. పన్నెండో తరగతి అయ్యాక పని కోసం నేను ఆ దుకాణం మెట్లెక్కినప్పుడు ఆయన నా చదువు గురించి అడగలేదు. "మీ అవ్వ ఏం జేస్తది?" అన్నాడు. మా అమ్మ బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో బీడీలు చుడుతుందని, నేనూ చుడతానని చెప్పాను. "ఆకు కత్తిరిస్తవా?" అన్నాడు. కత్తిరిస్తానన్నాను. "బస్, కూసో. ఏది ఉంచాల్నో ఏది పారెయ్యాల్నో నీ చేతికి ఎరుకనే," అని కంప్యూటర్ ముందున్న స్టూలు నా వైపు జరిపాడు. మా గల్లీలో ఆడపిల్లకు బీడీల చాట కాకుండా ఇంకో పని చూపించిన మొదటి మనిషి ఆయన. ఆయన మీద నాకెంత కోపమున్నా ఈ మాట దాచను.

ఆ సినిమాలు ఎలా ఉండేవో చెప్తే మీరూ నవ్వుతారు. నవ్వండి, అక్కడిదాకా నాకు అభ్యంతరం లేదు. విలన్ దగ్గర ఎప్పుడూ పదిమందే మనుషులు. తెల్ల చొక్కాల్లో చచ్చిపోయినవాళ్లే పది నిమిషాల తర్వాత నల్ల చొక్కాల్లో వచ్చి మళ్లీ చచ్చేవాళ్లు. హీరోకు నలభై దాటాయి, పొట్ట లోపలికి పీల్చుకుని డైలాగు చెప్పేవాడు కాబట్టి డైలాగులన్నీ పొట్టివి. జీపు ఒక కూరగాయల వ్యాపారిది. దానికి గీత పడితే ఊరుకోడు కనక, వెంటపడే సీన్లలో అది పెళ్లి ఊరేగింపంత మెల్లగా పోయేది. తుపాకులు చెక్కవి. రక్తం కోసం అద్దకం కార్ఖానా నుంచి ఎర్ర రంగు తెచ్చేవాళ్లం. అది వారం దాకా వదిలేది కాదు. ఆదివారం చచ్చిపోయినవాళ్లు శనివారం దాకా ఎర్రటి మెడలతో సాంచెల మీద నిలబడేవాళ్లు. గుద్దుల చప్పుడు కోసం తడి చద్దరును బండ మీద కొట్టి నేనే రికార్డు చేసేదాన్ని.

కానీ రెండు వరసల సాంచెలు ఆడుతుంటే వాటి మధ్య మూరెడు దారిలో ఇద్దరు మనుషులు కొట్టుకునే సీను ఒకటి తీశాడు. కొట్టుకున్న ఇద్దరూ ఆ దారిలో ఇరవై ఏళ్లుగా నడిచినవాళ్లు. ఎక్కడ వంగాలో, ఎక్కడ మోచెయ్యి ముడవాలో వాళ్ల ఒంటికే తెలుసు. ఒకడు దెబ్బ తిని పక్కకు ఒరుగుతూ, అలవాటు కొద్దీ తెగిన పోగును చూసి సాంచె ఆపేశాడు. నర్సింగన్న ఆ ముక్కను తీయనివ్వలేదు. అంత నిజమైన సీను కోట్లు పెట్టిన సినిమాల్లో కూడా నేను ఇంతవరకు కూర్చలేదు.

ఒకసారి కాలేజీ సారొకాయన దుకాణానికి వచ్చి, "నర్సింగ్, చేతిల పైసల్లేనప్పుడు ఫైటింగులెందుకు? మంచి కుటుంబ కథ తియ్యరాదు?" అన్నాడు. నర్సింగన్న కుర్చీలోంచి లేచాడు.

"సారూ, మా మనుషులను పెద్ద సినిమాల ఎప్పుడన్న చూసిన్రా? చూస్తే ఏడ్సుకుంట కనబడ్తరు, లేకుంటే చేతులు జోడిచ్చి కనబడ్తరు. తిరిగి కొట్టంగ ఎవడు తీసిండు? పైసలచ్చేదాంక మేం దెబ్బలు తినుడేనా?"

నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. ఆ మాట విని ఆయన ఏం చెప్తే అది చెయ్యాలనిపించింది. అదే నా తప్పయింది.

యాదగిరన్న నీలం నగర్‌లో ఉండేవాడు. కార్ఖానాలో నేసేవాడు. నర్సింగన్న సినిమాలన్నిటిలో పడేది ఆయనే. మెట్ల మీంచి, గోడ మీంచి, ఎడ్లబండి మీంచి పడేవాడు. పడి లేచి, దుమ్ము దులుపుకుని, "ఎట్లున్నది?" అని అడిగేవాడు. మంచిగుంది అంటే చాలు, ఆ రోజంతా సంతోషమే. మూడో సినిమా కోసం కార్ఖానా రేకుల కప్పు మీంచి దూకాలి. సాంచెలకు సెలవు రోజు. కింద నూలు చెత్త నింపిన బస్తాలు పేర్చాం. యాదగిరన్న పైకెక్కి కిందికి చూశాడు. నేను కెమెరా పక్కన, చేతిలో నోటు పుస్తకంతో నిలబడి ఉన్నాను.

"అన్నా, కుప్ప జర తక్కువున్నట్టున్నది. ఇంకో నాలుగు బస్తాలు ఏపిస్తవా?" అని అరిచాడు.

నర్సింగన్న ఆకాశం వైపు చూశాడు. మబ్బు వస్తోంది. బస్తాలు కార్ఖానా అవతలి గదిలో ఉన్నాయి, తాళం తీసేవాడు చాయ్‌కి పోయాడు. నర్సింగన్న కెమెరాలో కన్ను పెట్టి, "జల్దీ, యాదగిరీ! దుంకు!" అన్నాడు.

రేకు వంగింది. యాదగిరన్న కాలు తప్పి కుప్ప అంచు మీద పడ్డాడు, కుడి చెయ్యి ఒంటి కింద నలిగింది. ఆ అరుపు మీరు విని ఉంటారు. ఫోన్లలో ఇప్పటికీ తిరుగుతోంది. మణికట్టు దగ్గర రెండు ఎముకలు విరిగాయని దవాఖానాలో చెప్పారు. నేసేవాడికి కుడి మణికట్టు. తెగిన పోగును రెండు వేళ్లతో పట్టి ముడి వేయాల్సిన చెయ్యి.

పది రోజుల తర్వాత దుకాణంలో ఆ షాట్ నా ముందుకొచ్చింది. "ఇది వద్దన్నా," అన్నాను.

"ఎందుకొద్దు? పిచ్చర్ల ఇంతకంటె మంచిది ఏమున్నది?"

"అన్నా, అది నిజంగ పడ్డది."

"అందుకనే ఉండాలె. వాని చెయ్యి పోయింది, షాట్ గూడ పోవాల్నా? యాదగిరి బి పెట్టమన్నడు. కావాల్నంటే అడుగు."

అడిగాను. యాదగిరన్న కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, "గంత నొప్పి వడ్డ గదా పిల్లా, పారేస్తరా?" అన్నాడు. ఆ మాటను అడ్డం పెట్టుకుని నేను షాట్ పెట్టాను. పెట్టడమే కాదు, బాగా పెట్టాను. అరుపు ముందు ఒక క్షణం ఎక్కువ ఉంచాను. మగ్గాల చప్పుడు వేసి, రేకు వంగగానే ఆ చప్పుడు తగ్గించి, అరుపు స్పష్టంగా వినబడేలా చేశాను. నర్సింగన్న నా తల మీద చెయ్యి పెట్టి, "శారదా, నువ్వు నాకంటే పెద్దగైతవ్," అన్నాడు. ఆ పొగడ్తకు పొంగిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

నీలం నగర్‌లో పెళ్లిళ్లు జరిగే ఒక మంగళ కార్యాలయం హాలులో, మధ్యాహ్నం పూట మొదటి ఆట వేశాం. జనం నేల మీద కూడా కూర్చున్నారు. విజిళ్లు, చప్పట్లు. తమ గల్లీ కనబడ్డప్పుడల్లా అరుపులు. యాదగిరన్న దూకిన చోట హాలంతా ఒక్కసారి చప్పట్లు కొట్టింది. తెర మీద తర్వాతి షాట్‌లో, అంతకు ముందెప్పుడో తీసిన ముక్కలో, యాదగిరన్న లేచి పరుగెడుతున్నాడు. అది నేను అతికించిందే. అప్పుడు ఆయన భార్య రుక్మిణక్క ఆడవాళ్ల మధ్యలోంచి లేచి తెర ముందుకొచ్చి నిలబడింది. బొమ్మ ఆమె మొహం మీద పడుతోంది.

"ఆపుర్రి," అంది.

ఎవరో ఆపారు.

"నర్సింగన్నా, పడంగ మంచిగ సూపిచ్చినవ్. పడ్డంక ఏమైందో ఎందుకు సూపియ్యలే? నీ పిచ్చర్ల ఈన లేసి ఉర్కిండు. మా ఇంట్ల అంగీ గుండీలు నేను పెడ్తున్న. అన్నం నేను కలిపి పెడ్తున్న. ఇప్పుడు చప్పట్లు కొట్టినోళ్లల్ల ఒక్కలన్న వచ్చి సూసిన్రా?"

ఆమె గొంతు పెంచలేదు. యాదగిరన్న, "ఊకో రుక్కూ, అందరున్నరు," అన్నాడు. "అందరున్నరనే అంటున్న," అని ఆమె బయటికి వెళ్లిపోయింది. నర్సింగన్న తల ఎత్తలేదు. నేను ప్రొజెక్టరు వెనక దాక్కున్నాను. అవును, దాక్కున్నాను.

మర్నాడు దుకాణం తెరవలేదు. మధ్యాహ్నం దాకా చూసి కార్ఖానాకు వెళ్తే, నర్సింగన్న, యాదగిరన్న నడిపే సాంచెల మీద నిలబడి ఉన్నాడు. పదేళ్ల తర్వాత మళ్లీ. చేతులు తడబడుతున్నాయి, పక్కవాళ్లు నవ్వుతున్నారు, చెమటకు నూలు దూది గడ్డానికంతా అంటుకుంది. ఐదు నెలలు ఆ పని చేశాడు. వచ్చిన కూలి ప్రతి వారం రుక్మిణక్క చేతికిచ్చేవాడు. ఆమె తీసుకునేది. ఒక్కనాడూ ఇంట్లోకి రమ్మనలేదు, చాయ్ పోయలేదు. ఆమె చేసిందే సరైందని నేను ఇప్పటికీ అనుకుంటాను. ఆయన కూడా అలాగే అనుకున్నాడేమో, గడప ముందు నుంచే వెనక్కి తిరిగేవాడు. యాదగిరన్న చెయ్యి మాత్రం తిన్నగా అతకలేదు. పోగు ముడి పడలేదు. ఒక గోదాములో కాపలా పనికి కుదిరాడు.

"ఆ ముక్క తీసెయ్," అని నర్సింగన్న నాకు చెప్పాడు. తీసేశాను. కానీ అప్పటికే ఒక ప్రతి ముంబయిలో ఒక చిన్న కంపెనీకి పంపి ఉన్నాడు, సినిమాను ఇంటర్నెట్‌లో పెడతామన్నారని. వాళ్లు సినిమా పెట్టలేదు. జీపు మెల్లగా పోవడం, చచ్చినవాళ్లు మళ్లీ రావడం, యాదగిరన్న పడటం, ఇవే ముక్కలు చేసి, నవ్వులు అతికించి పెట్టారు. నర్సింగన్న ఫోన్ చేసి, ఆ ఒక్క షాట్ తీసెయ్యండి, మనిషికి నిజంగా దెబ్బ తగిలింది అని హిందీలో బతిమాలాడు. అవతలివాడు, "అదే కదా నడుస్తోంది. మీ వాళ్లను దేశమంతా చూస్తోంది, సంతోషించు," అన్నాడు. ఫోన్ పెట్టేసి నర్సింగన్న గోడను గుద్దాడు. ఆయన సినిమాల్లో ఒక్క గుద్దు కూడా అలా పడలేదు. తర్వాత ఆయన మళ్లీ పెళ్లిళ్లు తీశాడు గానీ సినిమా తీయలేదు.

మూడేళ్ల కింద ఆయన ఊపిరితిత్తులు పాడై మంచం పట్టాడని తెలిసి షోలాపూర్ వెళ్లాను. అప్పటికి నేను హైదరాబాదులో పేరున్న సినిమాలకు పని చేస్తున్నాను. చాలా ఏళ్లు దాచుకున్న మాట అడిగేశాను. "ఆ రోజు నాలుగు బస్తాలు ఎందుకు ఏపియ్యలేదన్నా?"

ఆయన చాలాసేపు గాలి పీల్చుకున్నాడు. "మబ్బయితున్నది. అందరు మళ్ల ఒక్కనాడు దొరకరని భయమైంది. వాడు అడిగింది నాకు మంచిగనే ఇనబడ్డది శారదా. ఇననట్టు చేసిన."

"నాక్కూడ ఇనబడ్డదన్నా. నేను బి మాట్లాడలే."

ఆయన క్షమించమనలేదు, నేనూ ఓదార్చలేదు. ఆ నెలలోనే పోయాడు. తక్కువ ఖర్చు సినిమాలని అందరూ అంటారు గానీ, ఆ ఖర్చు ఎక్కడికీ పోదు. డబ్బు పెట్టని చోట ఎవరో ఒళ్లు పెడతారు. డబ్బు పెట్టిన చోట కూడా ఒళ్లే పెడతారని హైదరాబాదుకొచ్చాక తెలిసింది. ఆయన నుంచి నాకు పని వచ్చింది, ఈ కోపమూ వచ్చింది.

నిరుడు ఒక పెద్ద సినిమా కూరుస్తుంటే, హీరోయిన్ బదులు డూపు మెట్ల మీంచి దొర్లే షాట్ వచ్చింది. చివరి మెట్టు దగ్గర ఆమె నడుము తగిలిన తీరు నాకు నచ్చలేదు. నంబరు కనుక్కుని ఫోన్ చేశాను. ముందు భయపడింది. తర్వాత, "నడుం పట్టేసింది మేడమ్. మూడు వారాలైంది, మా పాపను ఎత్తుకోలేకపోతున్నా. ఎవరికీ చెప్పకండి, మళ్లీ పనికి పిలవరు," అంది. చెప్పలేదు. డైరెక్టరు దగ్గరికి వెళ్లి ఈ షాట్ నేను పెట్టనన్నాను. కారణం అడిగాడు. లేదన్నాను. "మీరు పెట్టకపోతే ఇంకొకరు పెడతారు," అన్నాడు. నా బ్యాగు తీసుకుని మెట్లు దిగి వచ్చేశాను. తర్వాత ఆరు నెలలు నన్నెవరూ పిలవలేదు.

ఇంకొకరు పెట్టారు. విడుదల రోజు టికెట్టు కొనుక్కుని వెళ్లి చూశాను. ఆమె దొర్లిన చోట హాలంతా ఈలలు. ఆఖర్న పేర్లన్నీ అయ్యేదాకా కూర్చున్నాను. డ్రైవర్ల పేర్లున్నాయి, వంటవాళ్ల పేర్లున్నాయి, ఆమె పేరు లేదు. బయటికొచ్చి మెట్ల పక్కన నిలబడి ఆమెకు ఫోన్ చేశాను.

"పాపను ఎత్తుకుంటున్నావా ఇప్పుడు?" అని అడిగాను.

"ఎత్తుకుంటున్నా మేడమ్," అంది. కాస్త ఆగి, "కూర్చుని," అంది.